స్క్రీన్ మీద మూడు బార్, నల్లాలో చుక్క లేదు

మోటర్ ఏడుపు ఎప్పుడైనా విన్నారా? "ఊఁ..." అని పైకి లేస్తుంది. మూడు సెకన్లలో ఉస్సూరుమని కిందికి జారుతుంది. మళ్లీ లేస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆర్వో ప్లాంటులో, రైస్ మిల్లు బాయిలర్ పక్కన ఈ శబ్దం వింటే చాలామంది మోటర్ పాడైందనుకుంటారు. నాకైతే అది పని దొరికిన శబ్దం. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌ని. నల్లగొండ, పాలమూరు వైపు మోటర్ డ్రైవ్‌లు బిగించడం, సెట్ చేయడం నా బతుకుదెరువు. బండి డిక్కీలో ఒక మల్టీమీటర్, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక 250 ఓమ్‌ల రెసిస్టర్ ఎప్పుడూ ఉంటాయి. ఐదు రూపాయలు కూడా చెయ్యని ఆ రెసిస్టర్ ఎందుకో కాసేపట్లో చెప్తా.

ఫోన్ చేసేవాళ్లంతా దాదాపు ఒకే మాట అంటారు. "పీఐడీ ట్యూనింగ్ చెయ్యాలె, ఎప్పుడొస్తవ్?" వెళ్లి చూస్తే చాలాచోట్ల ట్యూనింగ్ కాదు సమస్య. డ్రైవ్ చెవిలో పడుతున్న మాటే అబద్ధం. అబద్ధం విన్న డ్రైవ్‌కి ఎంత ట్యూనింగ్ చేసినా అది ఆ అబద్ధాన్నే చక్కగా పాటిస్తుంది.

చెవి ఒకటి, బుర్ర ఒకటి

తెలియనివాళ్ల కోసం కొంచెం మొదట్నుంచి. మన కరెంటు 50 హెర్ట్జ్‌లో వస్తుంది. మోటర్‌ని నేరుగా లైనుకి కలిపితే ఒకటే వేగంతో తిరుగుతుంది. నల్లాలు పది తెరిచినా, ఒకటే తెరిచినా దానికి తేడా లేదు. మధ్యలో వీఎఫ్‌డీ, అంటే డ్రైవ్ పెడితే ఆ హెర్ట్జ్‌ని తగ్గించి, పెంచి మోటర్ వేగం మార్చొచ్చు. ఎంత వేగం కావాలో డ్రైవ్ సొంతంగా తేల్చుకోవాలంటే పైపులో ఏం జరుగుతోందో దానికి తెలియాలి. అందుకు పైపు మీద ఒక ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ బిగిస్తాం. అది ప్రెషర్‌ని కరెంటుగా మార్చి రెండు వైర్ల మీద డ్రైవ్‌కి పంపుతుంది. ప్రెషర్ సున్నా అయితే 4 మిల్లీఆంపియర్లు, ఫుల్ అయితే 20. ఆ వైర్లు వచ్చి చేరే టెర్మినలే అనలాగ్ ఇన్‌పుట్. డ్రైవ్‌కి చెవి అదే.

సున్నాకి సున్నా పంపొచ్చు కదా, 4 ఎందుకు? వైరు తెగినా, ఎలుక కొరికినా కరెంటు సున్నా అవుతుంది కాబట్టి. 4 వస్తే "పైపులో ప్రెషర్ లేదు" అని, 0 వస్తే "నా వైరే లేదు" అని డ్రైవ్ తేడా పట్టాలి. వోల్టేజ్ కాకుండా కరెంటు ఎందుకంటే, పొడుగు వైరులో వోల్టేజ్ కొంత కరిగిపోతుంది గానీ, కరెంటు ఈ చివర ఎంత బయల్దేరితే ఆ చివర అంతే చేరుతుంది.

ఇక బుర్ర. దాని పేరే పీఐడీ. పొయ్యి మీద పాలు పెట్టిన అమ్మని గమనించండి. పాలు ఎంత పైకొచ్చాయో చూసి మంట అంతమేర తగ్గిస్తుంది. అది పీ. "ఇంతసేపైనా కాగట్లేదేంది" అని మెల్లమెల్లగా మంట పెంచుతుంది. అది ఐ. నురగ సర్రున లేవడం చూసి, అంచు దాకా రాకముందే టక్కున కట్టేస్తుంది. అది డీ. ఇప్పుడు తేడా ఎంత, ఎంతసేపట్నుంచి ఉంది, ఎంత జోరుగా మారుతోంది... ఈ మూడు లెక్కలు కలిపి డ్రైవ్ మోటర్ వేగం నిర్ణయిస్తుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. ఓడ చుక్కాని పట్టేవాళ్లు ఇలాగే ఆలోచిస్తారని గమనించి, నికొలస్ మినోర్‌స్కీ అనే ఇంజనీర్ 1922లోనే దీన్ని లెక్కల్లో రాసిపెట్టాడు.

కృష్ణ కింద, ఊళ్లు మీద

ఇదంతా మన దగ్గర ఎందుకు పెద్ద విషయమంటే, ఇక్కడ నీళ్లంటే ఎత్తిపోతే. కృష్ణ మన పక్క నుంచే పారుతుంది. కానీ నది కింద ఉంది, ఊళ్లు మీదున్నాయి. సాగర్ నీళ్లు పుట్టంగండి దగ్గర ఎత్తితేనే అక్కంపల్లి రిజర్వాయర్‌కి వస్తాయి. కోదండాపూర్ మీదుగా హైదరాబాద్ తాగేదీ ఆ నీళ్లే. పాలమూరు వైపు కల్వకుర్తి ఎత్తిపోతలలో ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు అని మూడు మెట్లెక్కాలి. అక్కడ ఒక్కో మోటర్ 30 మెగావాట్లు. వాటి దగ్గరికి నా స్క్రూడ్రైవర్ పోదు. నా పని చివరి మెట్టు మీద. నది నుంచి అంత దూరం వచ్చిన నీళ్లు ఊరి సంపు నుంచి ఆఖరి ఇంటికి ఎక్కించే ఏడున్నర హెచ్‌పీ మోటర్ల దగ్గర.

ఆ ఆఖరి ఇంటికి నీళ్లు రాకపోతే ఏమవుతుంది? మళ్లీ బోరింగే. నల్లగొండలో బోరింగ్ అంటే ఏంటో చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాములోపు ఉండాలి, వేరే దారే లేకపోతే 1.5 దాకా ఒప్పుకోవచ్చు అంటుంది మన దేశ ప్రమాణం. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద గోధుమ చారలు, ఆపై ఎముకలు వంగిపోవడం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని 1970లలో నీరి సంస్థ తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని "నల్గొండ టెక్నిక్" అనే పిలుస్తారు. జిల్లా పేరు ప్రపంచానికి అలా తెలియడం మనం గొప్పగా చెప్పుకునే ముచ్చట కాదు. ఇంకో మాట, నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది.

తండా మీదికి ఎక్కని నీళ్లు

మునుగోడు వైపు ఒక తండా. పేరు రాయను. కింద సంపు, పంపు రూమ్. తండా పైగల్లీ దానికన్నా సుమారు 20 మీటర్ల ఎత్తులో ఉంది. 10 మీటర్ల నీళ్లు ఎక్కించడానికి దాదాపు 1 బార్ కావాలి. 20 మీటర్ల ఎత్తుకి 2, నల్లాలో ధార మంచిగ రావడానికి ఇంకో 1. అందుకే సెట్‌పాయింట్ 3 బార్. లెక్క సరిగ్గానే ఉంది. డ్రైవ్ స్క్రీన్ మీద కూడా 3.0 అని కదలకుండా నిలబడి ఉంది. కింది గల్లీలో నీళ్లు వస్తున్నాయి, పైగల్లీలో చుక్క లేదు.

అప్పటికి నెల దాటింది. ఇద్దరు ముగ్గురు వచ్చి పీ పెంచారు, ఐ తగ్గించారు, పోయారు. పంపు ఆపరేటర్‌కి విసుగొచ్చేసింది.

"మోటర్ పాతదైంది, 30 హెర్ట్జ్ దాటి ఉరుకుతలేదు, మార్పియ్యాలె అంటుండ్రు తమ్మీ. నువ్వేమంటవ్?"

"జర ఆగన్నా. ముందుగాల మోటర్ బంద్ జెయ్. డ్రెయిన్ వాల్వ్ తెరువు."

నీళ్లన్నీ కారిపోయాయి. పైపు ఖాళీ.

"ఇప్పుడు స్క్రీన్ మీద ఎంతుంది?"

"రెండు."

"పైపుల నీళ్లే లేవు గదనే, రెండు బార్ ఏడికెల్లి వచ్చె?"

ఆపరేటర్ స్క్రీన్ వంక చూశాడు, నా వంక చూశాడు. సమస్య అక్కడే దొరికిపోయింది.

ఇప్పుడు ఆ రెసిస్టర్. ట్రాన్స్‌మిటర్ వైరు ఒకటి విప్పి, 250 ఓమ్‌ల రెసిస్టర్‌ని వరసలో కలిపి, దాని రెండు చివర్లా వోల్టేజ్ చూశా. 1.0 వోల్ట్. ఓమ్ సూత్రం గుర్తుందిగా, 1 వోల్ట్‌ని 250తో భాగిస్తే 4 మిల్లీఆంపియర్లు. అంటే ట్రాన్స్‌మిటర్ నిజమే చెప్తోంది, ప్రెషర్ సున్నా అని. వినేవాడికే అర్థం కావట్లేదు.

ఏం జరిగిందంటే, పాత డ్రైవ్ కాలిపోతే కొత్తది పెట్టారు. కొత్తదాని అనలాగ్ ఇన్‌పుట్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే 0–20 మిల్లీఆంపియర్లకు సెట్ అయి ఉంది. ట్రాన్స్‌మిటర్ మాట్లాడేది 4–20 భాష. దాని రేంజ్ 0 నుంచి 10 బార్. 4 మిల్లీఆంపియర్లు వస్తే డ్రైవ్ "20లో 4, అంటే 20 శాతం, అంటే 2 బార్" అనుకుంటోంది. స్క్రీన్ మీద 3 బార్ కనపడాలంటే దానికి 20లో 30 శాతం, అంటే 6 మిల్లీఆంపియర్లు చాలు. కానీ ట్రాన్స్‌మిటర్ భాషలో 6 అంటే 1.25 బార్. పన్నెండున్నర మీటర్ల ఎత్తు దాకానే ఎక్కే ప్రెషర్! 20 మీటర్ల పైనున్న గల్లీకి ఎట్లా వస్తాయి?

పంపు పక్కనే పైపు మీద ఒక డయల్ గేజ్ ఉంది. అద్దం మసకబారి, దుమ్ము పట్టి. చొక్కా అంచుతో తుడిచి, వాల్వ్ మూసి, మోటర్ ఆన్ చేసి చూపించా. స్క్రీన్ మీద 3.0. గేజ్ మీద ఒకటికి కొంచెం పైన. కరెంటు లేని, బ్యాటరీ లేని ఆ పాత గేజ్ నెల రోజులుగా నిజం చెప్తూనే ఉంది. పక్కనే వెలుగుతున్న స్క్రీన్ ఉంటే గేజ్ ముఖం ఎవరు చూస్తారు!

ఇక్కడ పీఐడీ తప్పేమీ చేయలేదు. చెప్పిన సంఖ్య దగ్గర కదలకుండా నిలబెట్టింది. నిజానికి ట్యూనింగ్ బాగానే కుదిరినట్టుంది.

"సెట్‌పాయింట్ 4.4 పెడితే సరిపోద్ది గద?" అన్నాడు ఆపరేటర్. లెక్క తెలిసిన మనిషే. నిజం 3 బార్ దగ్గర వచ్చేది 8.8 మిల్లీఆంపియర్లు, దాన్ని డ్రైవ్ 4.4 అనుకుంటుంది. నీళ్లు ఎక్కేవే. కానీ ఏదో ఒకరోజు ఎలుక వైరు కొరుకుతుంది. 0–20 సెట్టింగ్‌లో ఉన్న డ్రైవ్‌కి అది వైరు తెగినట్టు తెలియదు, ప్రెషర్ సున్నా అయిందనుకుని మోటర్‌ని 50 హెర్ట్జ్‌కి ఉరికిస్తుంది. నల్లాలన్నీ కట్టేసి ఉన్న అర్ధరాత్రి ఆ పని జరిగితే 5 బార్ ప్రెషర్ పాత పీవీసీ జాయింట్ల మీద పడుతుంది. అందుకే అడ్డదారి వద్దన్నా. ఇన్‌పుట్‌ని 4–20కి మార్చి, వైరు తెగితే మోటర్ ఆగేలా పెట్టా. డ్రెయిన్ తెరిచి మళ్లీ చూస్తే 0.0.

పైగల్లీ నుంచి ఒక అక్క బిందె పట్టుకుని కిందికి వచ్చింది. "నెల సంది బోరింగు నీళ్లే తమ్మీ. నా పండ్లు జూడు. నా పోరగాండ్లయి గూడ గిట్లనే గావాల్నా?" అంది. ఆమె పళ్ల మీద గోధుమ గీతలు. చిన్నప్పుడు, పళ్లు లోపల తయారయ్యే వయసులో తాగిన నీళ్ల గుర్తు అది. పెద్దయ్యాక ఏం చేసినా లోపలి నుంచి పోదు. ప్యానెల్ లోపల ఒక పారామీటర్ ఒక అంకె తప్పుంటే దాని బిల్లు ఎవరి మీద పడుతుందో నాకు అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు ట్యూనింగ్

చెవి బాగైంది కదా అని మోటర్ ఆన్ చేస్తే, ఏడుపు మొదలైంది. ఊఁ... ఉస్సు... ఊఁ... ముందొచ్చినవాళ్లు పీ గెయిన్‌ని 8 దాకా తీసుకెళ్లి వదిలేశారు. ఇప్పుడు పైగల్లీ దాకా నీళ్లు కదులుతున్నాయి, పంపు పనిచేసే వేగమే వేరు. పాత అంకెలు దీనికి సరిపోవు.

పీఐడీ ముట్టుకునే ముందు రెండు చూడాలి. ఒకటి, సిగ్నల్ వణుకు. డ్రైవ్ నుంచి మోటర్‌కి పోయే కేబుల్ పెద్ద రేడియో స్టేషన్ లాంటిది. ట్రాన్స్‌మిటర్ వైరుని దానితోపాటు ఒకే పైపులో లాగితే అంకెలు గజగజ వణుకుతాయి. సిగ్నల్‌కి షీల్డ్ ఉన్న కేబుల్ వాడాలి, మోటర్ కేబుల్‌కి జానెడు కంటే ఎడంగా పోనియ్యాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, షీల్డ్‌ని డ్రైవ్ వైపు ఒక్క చివరే ఎర్త్ చేయాలి. డ్రైవ్‌లో ఫిల్టర్ టైమ్ పెంచితే వణుకు కనపడదు నిజమే. కానీ ఫిల్టర్ ఎక్కువైతే డ్రైవ్‌కి వార్త లేటుగా అందుతుంది. లేటు వార్త మీద నిర్ణయం తీసుకుంటే ఊగిసలాట ఇంకా పెరుగుతుంది.

రెండోది ర్యాంప్. మోటర్ 0 నుంచి 50 హెర్ట్జ్‌కి ఎన్ని సెకన్లలో చేరాలి అనే సెట్టింగ్. అక్కడ 30 సెకన్లు ఉంది. పీఐడీ "ఉరుకు" అంటుంది, ర్యాంప్ "మెల్లగ" అంటుంది. ఇద్దరి కొట్లాటే సగం ఏడుపు. దాన్ని 8 సెకన్లకి తెచ్చా. మరీ తగ్గించినా కష్టమే, ఆగేటప్పుడు పైపులో నీళ్లు సుత్తిలా కొడతాయి.

తర్వాత డీ సున్నా. నీళ్ల పంపులకి డీ దాదాపు అక్కర్లేదు. సిగ్నల్‌లో కొద్దిపాటి వణుకున్నా డీ దాన్ని పదింతలు చేసి మోటర్ మీద రుద్దుతుంది. ఐ పనిచేయనంత పెద్ద టైమ్ పెట్టా. పీ 1 దగ్గర మొదలుపెట్టి, ఒక వాల్వ్ టక్కున తెరిచి, మూసి చూడటం. 2, 3... 4 దగ్గరికి వచ్చేసరికి ప్రెషర్ ఉయ్యాలలా ఆగకుండా ఊగింది. ఒక ఊపుకి 6 సెకన్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉందిగా.

ఈ రెండు అంకెలు దొరికితే చాలని 1942లో జీగ్లర్, నికొల్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు చెప్పారు. ఊగే గెయిన్‌ని 0.45తో గుణించు, అది పీ. ఊపు టైమ్‌ని 1.2తో భాగించు, అది ఐ టైమ్. అంటే నాకు 1.8, 5 సెకన్లు. కానీ వాళ్ల సూత్రం కొంచెం దూకుడు. పాత పీవీసీ లైను మీద నాకంత ధైర్యం లేదు. 1.5, 6 సెకన్లు పెట్టి వదిలేశా. పొద్దున ఆరింటికి నల్లాలన్నీ ఒకేసారి తెరిచినా ప్రెషర్ ఒక్కసారి తగ్గి, సాఫీగా లేచి 3 దగ్గర నిలబడింది.

యూట్యూబ్‌లో చూసి అంకెలు కాపీ కొట్టే తమ్ముళ్లకు ఒక మాట. కొన్ని డ్రైవ్‌లలో ఐ అంటే సెకన్లు, తగ్గిస్తే జోరు పెరుగుతుంది. ఇంకొన్నింట్లో ఐ అంటే గెయిన్, పెంచితే జోరు పెరుగుతుంది. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ చదవకుండా చెయ్యి పెట్టొద్దు. కరెంటు తీశాక కూడా, మూడు ఫేజుల డ్రైవ్ లోపల కెపాసిటర్లలో 500 వోల్ట్‌లకు పైగా డీసీ కాసేపు ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో దాని మీదే రాసుంటుంది.

తిరుగుతోంది, కానీ ఎక్కట్లేదు

గుట్టల మీది ఊళ్లకి ఇంకో మెలిక ఉంది. వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతే అని డ్రైవ్ అమ్మేవాళ్లు చెప్తారు. చదునైన నేల మీద నీళ్లు తిప్పే చోట అది దాదాపు నిజం. గుట్ట ఎక్కించే చోట కాదు. పంపు ఎత్తే శక్తి వేగం వర్గంతో తగ్గుతుంది. తండా పంపు 50 హెర్ట్జ్ దగ్గర ఎక్కువలో ఎక్కువ 50 మీటర్లు ఎత్తుతుంది. 30 హెర్ట్జ్‌కి దిగితే 0.6 ఇంటూ 0.6, అంటే 36 శాతం... 18 మీటర్లే. మోటర్ తిరుగుతుంది, మీటరు తిరుగుతుంది, 20 మీటర్ల మీదికి చుక్క కూడా పోదు. అవే నీళ్లు పంపులో గిరగిరా తిరిగి వేడెక్కుతాయి. అందుకని కనీస వేగం 33 హెర్ట్జ్ పెట్టి, నల్లాలన్నీ కట్టేస్తే మోటర్ నిద్రపోయేలా, ప్రెషర్ తగ్గితే లేచేలా స్లీప్ సెట్టింగ్ పెట్టా.

ఇంకోటి, సంపు ఎండిపోయిన రోజు. ప్రెషర్ రాదు. ఐ మాత్రం "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అని పద్దు రాసుకుంటూనే ఉంటుంది. నీళ్లు వచ్చిన క్షణంలో ఆ బాకీ అంతా ఒకేసారి తీర్చుకోబోతుంది, మోటర్ ఫుల్ స్పీడ్‌లో ఉండగా జాయింట్ ఎగిరిపోతుంది. సంపులో ఫ్లోట్ స్విచ్ పెట్టి, నీళ్లు లేనప్పుడు డ్రైవ్‌ని ఆపేస్తే ఆ పద్దు మొదలే కాదు.

మిర్యాలగూడలో ఉల్టా

ఇదే బుర్ర మిర్యాలగూడ రైస్ మిల్లులో వేరే వేషంలో కనపడుతుంది. ఉప్పుడు బియ్యానికి ఆవిరి కావాలి, ఆవిరికి ఊక బాయిలర్, బాయిలర్ పొగ లాగడానికి పెద్ద ఫ్యాన్, దానికో డ్రైవ్. అక్కడ కొలిచేది పొయ్యి లోపలి గాలి ప్రెషర్, బయటికన్నా కొంచెం తక్కువ ఉండాలి. ట్రాన్స్‌మిటర్ మైనస్ 25 నుంచి ప్లస్ 25 మిల్లీమీటర్ల నీటిమట్టం దాకా కొలిచేదైతే, సున్నా అంటే 4 కాదు, 12 మిల్లీఆంపియర్లు. నీళ్ల పంపులకి అలవాటు పడ్డ చెయ్యి ఇక్కడే తడబడుతుంది.

పైగా దిశ కూడా ఉల్టా. నీళ్ల పంపులో ప్రెషర్ తగ్గితే వేగం పెరగాలి. ఇక్కడ ప్రెషర్ పెరిగితే వేగం పెరగాలి. షాద్‌నగర్ వైపు కోళ్ల షెడ్లలో ఫ్యాన్లు కూడా అంతే, వేడి పెరిగితే ఉరకాలి. డ్రైవ్‌లో ఈ దిశ మార్చడానికి ఒకటే పారామీటర్. అది తప్పుంటే పొయ్యిలో ప్రెషర్ పెరిగేకొద్దీ ఫ్యాన్ మెల్లబడుతుంది, మంట తలుపులోంచి ఊక తోసే మనిషి ముఖం మీదికి వస్తుంది. అందుకే బాయిలర్ దగ్గర నేను చేసే మొదటి పరీక్ష మంట లేనప్పుడే. ట్రాన్స్‌మిటర్ విప్పి, దాని స్థానంలో లూప్ క్యాలిబ్రేటర్‌తో 12 పంపుతా, తర్వాత 13. ఫ్యాన్ వేగం పెరిగితేనే ఊక తెమ్మంటా.